పాలిచ్చే తల్లికి జ్ఞానదంతం నొప్పి: బిడ్డకు పాలు మాన్పించనక్కరలేదు

చంటిబిడ్డ తల్లికి పంటి నొప్పి వస్తే ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. 'మాత్ర వేసుకుంటే పాలలోకి దిగుతుంది, ఓర్చుకోవమ్మా' అన్నది మొదటిది. 'నొప్పి తగ్గేవరకు పాలు మాన్పించు' అన్నది రెండవది. పెద్దలు ప్రేమతోనే చెప్పినప్పటికీ ఈ రెండూ సరికావు. ఓర్చుకుంటే చీము ముదురుతుంది. పాలు హఠాత్తుగా మాన్పిస్తే రొమ్ములు గడ్డకట్టి జ్వరం వస్తుంది, బిడ్డకు ఆహారం పోతుంది.

నొప్పి ఎందుకు వస్తుంది?

దవడల చివర జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుండి 25 ఏళ్ల మధ్య మొలుస్తాయి. మన పల్లెల్లో చాలామంది స్త్రీలకు తొలి కాన్పు వయసు కూడా అదే. దవడలో చోటు చాలనప్పుడు దంతం సగమే బయటకు వచ్చి, దానిపై చిగురు మూతవలె మిగిలిపోతుంది. ఆ మూత కింద అన్నం మెతుకులు చేరి, సూక్ష్మజీవులు పెరిగి, వాపు, నొప్పి, దుర్వాసన కలుగుతాయి.

ఇంట్లో చేయదగినవి

గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి. మెత్తని బ్రష్‌తో ఆ చోటును నెమ్మదిగా శుభ్రం చేయాలి. వాపు ఉంటే చెంపపై చల్లని గుడ్డ వేయాలి, వేడి కాపడం పెట్టరాదు. లవంగ నూనెను నేరుగా చిగురుపై పోస్తే పుండు పడుతుంది. కర్పూరం, ఆస్పిరిన్ మాత్ర పంటిపై పెట్టడం కూడా ప్రమాదమే. ఒడిశా సరిహద్దున గుడాకు, మహారాష్ట్ర వైపు మిశ్రీ నొప్పికి రుద్దుకొనే అలవాటు ఉన్నది. ఇవి పొగాకుతో చేసినవి. వాటిలోని నికోటిన్ తల్లిపాలలోకి చేరుతుంది.

ఏ మాత్రలు మంచివి?

మొదట ఎంచుకోవలసినది పారాసిటమాల్. 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి చొప్పున, 6 గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా వాడవచ్చును. ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాముల మాత్ర అన్నం తిన్న తరువాత, 8 గంటల ఎడంతో, రోజుకు మూడు మించరాదు. ఈ రెండూ పాలలోకి చేరేది అత్యల్పం. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుని అడగకుండా ఐబుప్రొఫెన్ వాడరాదు. బిడ్డకు పాలిచ్చిన వెంటనే మాత్ర వేసుకొనుట మంచి పద్ధతి.

ఆస్పిరిన్, కోడీన్, ట్రమడాల్ స్వయంగా వాడరాదు. కోడీన్, ట్రమడాల్ వలన బిడ్డకు మత్తు కలిగి ఊపిరి మందగించే ప్రమాదమున్నదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. దుకాణంలో పొట్లం కట్టి ఇచ్చే పేరు తెలియని మాత్రలు తీసుకోరాదు. రెండు మందులు కలిపిన మాత్రలో పారాసిటమాల్ ఉంటే, విడిగా మరొకటి వేసుకోరాదు. బిడ్డ నెలలు నిండకముందే పుట్టినా, నెలలోపు పసికందైనా, ఏ మందుకైనా వైద్యుని ముందుగా అడగాలి.

దంత వైద్యుని వద్ద

పంటి ఎక్స్‌రే పాలను చెడగొట్టదు. పన్ను తీయడానికి వాడే లిగ్నోకైన్ మత్తు సూది తరువాత కూడా పాలివ్వవచ్చును. చీము తగ్గడానికి ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి మందులు పాలిచ్చే తల్లులు వాడదగినవే. బిడ్డకు విరేచనాలు, ఒంటిపై దద్దుర్లు, ఎన్నడూ లేని మగత కనిపిస్తే వెంటనే చెప్పాలి.

సరిహద్దు పల్లెవారు చూపించుకొనే వైద్యునికి తెలుగు రాకపోవచ్చును. 'బిడ్డకు పాలిస్తున్నాను' అన్న ఒక్క మాట ముందే చెప్పగలిగితే చాలు. కన్నడంలో 'మగువిగె ఎదె హాలు కొడుత్తిద్దేనె', తమిళంలో 'కుళందైక్కు తాయ్‌ప్పాల్ కొడుక్కిఱేన్', ఒడియాలో 'ముఁ ఛుఆకు మా ఖీర దెఉఛి', మరాఠీలో 'మీ బాళాలా అంగావర్ పాజతే' అనాలి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

నోరు తెరుచుకోకపోవడం, జ్వరం, మింగలేకపోవడం, దవడ కింద లేదా మెడకు వాపు పాకడం ప్రమాద సూచనలు. వీటిలో ఏది కనిపించినా అదే రోజున ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి అందకపోతే క్షణం ఆగక 108కి ఫోన్ చేయాలి.

మాత్రతో నొప్పి తగ్గినా కారణం పోదు. వాపు తగ్గిన తరువాత దంతాన్ని ఉంచాలా, తీయించాలా అన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు. ఆ రోజున బిడ్డను ఎత్తుకొనేందుకు ఇంట్లోవారు ఒకరు తోడు వెళ్లడమే తల్లికి నిజమైన సాయం.