పరిసర సంరక్షణ విద్య

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై మొదట సూర్యాపేట, తరువాత కోదాడ తగులును. ఆ దారికి దక్షిణముగా, గుంటూరునకు పోవు రైలుమార్గముపై మిర్యాలగూడ కలదు. 2016వ సంవత్సరము వఱకు ఈ మూడును నల్లగొండ జిల్లాలోనివే. ఆ యేడు అక్టోబరు నెలలో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూర్యాపేట, కోదాడ క్రొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినవి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. చూచుటకు ఇవి సామాన్యమైన పట్టణములు. కాని పరిసరములను కాపాడుట యెట్లో నేర్చుకొనదలచిన విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠశాల దొరకుట అరుదు. ఒక యూర చెత్త, ఒక యూర ఊక, ఒక యూర సున్నపురాయి, అన్నింటి క్రిందను నీరు ఉన్నవి.

పరిసర సంరక్షణ యనగా చెట్లు నాటుటయే యని పలువురు తలంతురు. చెట్లు నాటుట మంచిపనియే గాని, అది ఈ విద్యలో ఒక చిన్న భాగము మాత్రమే. మనుష్యుడు తన బ్రదుకు కొఱకు నేల నుండి, నీటి నుండి, గాలి నుండి ఏమేమి తీసికొనుచున్నాడు, తిరిగి వానిలో ఏమేమి విడుచుచున్నాడు, ఆ విడిచినది ఎచటికి పోవుచున్నది అని లెక్క కట్టుట ఈ విద్యకు మొదటి మెట్టు. ఆ లెక్కను బట్టి నష్టము తగ్గించు ఉపాయము నేర్పుట రెండవ మెట్టు. 1991లో సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నింటను పరిసరములను గూర్చి బోధింపవలెనని ఆదేశించినది. నాటి నుండి ఈ పాఠములు బడులలోను కళాశాలలలోను క్రమముగా ప్రవేశించినవి. అయితే వృత్తివిద్యా కళాశాలలో చదువు విద్యార్థి పుస్తకముతో ఆగరాదు. అతడు మురుగు కాలువ యొద్ద నిలిచి నీరు పట్టవలెను. చెత్తకుప్పను విడదీసి తూచవలెను. ముక్కు మూసికొనువానికి ఈ విద్య యబ్బదు.

చెత్త సంగతికి సూర్యాపేట మంచి ఉదాహరణము. లక్ష జనాభా గల పట్టణమున మనిషికి రోజునకు 300 గ్రాముల చొప్పున లెక్కించినను, ఒక్క దినమునకు 30 టన్నుల చెత్త పోగగును. పూర్వము ఏ పట్టణమున నైనను దీనినంతటిని వీథి మూలనున్న కుండీలో వేయుట, పందులును కుక్కలును దానిని చిందరవందర చేయుట, మిగిలినదానిని బండిలో నెత్తి ఊరి వెలుపల పోయుట వాడుక. 2003 ప్రాంతమున ఖాదర్ సాహెబు కమిషనరుగా నుండగా సూర్యాపేట పురపాలక సంఘము ఈ వాడుకను మార్చుటకు పూనుకొన్నది. వీథులలోని కుండీలను తీసివేసి, ఇంటింటికిని బండి పంపి, తడిచెత్తను పొడిచెత్తను వేఱువేఱుగా పుచ్చుకొనసాగినది. తడిచెత్త వానపాముల ఎరువైనది. కాగితము, ప్లాస్టిక్, ఇనుము మున్నగునవి అమ్మకమునకు పోయినవి. దేశమున పలుచోట్ల నుండి పురపాలకులు ఈ ఏర్పాటు చూచిపోయిరి.

ఇందులో యంత్రముల గొప్పతన మేమియు లేదు. కిటుకంతయు వంటింటిలోనే యున్నది. కూరగాయల తొక్కులును గాజుపెంకులును ఒక్క బుట్టలో కలిసినచో, తొక్కులు ఎరువుకు పనికిరావు, పెంకులు అమ్మకమునకు పనికిరావు. పైగా ఆ కలగూరగంప గాలి చొరని కుప్పగా పడి కుళ్ళినప్పుడు మీథేను అను వాయువు పుట్టును. కుప్పలు తమంతట తాము అంటుకొని దినముల తరబడి పొగ చిమ్ముటకు ఇదియొక కారణము. విడిగా నున్నంతసేపు సరకు; కలిసినచో చెత్త. అయితే ఇట్టి ఏర్పాటు ఒకమారు నెలకొల్పినంతనే నిలుచునది కాదు. బండి రెండు దినములు రాకున్నచో గృహిణి రెండు బుట్టలను ఒక్కటి చేయును; ఆమెను తప్పుపట్టుటయు న్యాయము కాదు. కావున బండ్ల వేళలు, మరమ్మతులు, ఎరువు అమ్మకము, పారిశుద్ధ్య కార్మికుల జీతములు, వారి చేతులకు తొడుగులు, ఇవన్నియు ఈ విద్యలోని పాఠములే. వానపాములను గూర్చి తెలిసికొనుట సులభము. బండి వేళకు వచ్చునట్లు చూచుటయే కష్టము.

సూర్యాపేటకు చేరువనే సోలిపేట వద్ద మూసీనదిపై ఆనకట్ట కలదు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ హైదరాబాదు నగరము గుండ ప్రవహించి, ఆ నగరపు మురుగును మోసికొని ఇటు వచ్చును. తుదకు మిర్యాలగూడకు దక్షిణమున వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. ఎగువ నగరమున వదలినది దిగువ రైతు మడిలో తేలునని చెప్పుటకు వేఱు పటము అక్కఱలేదు.

మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ క్రింద వరి విస్తరించుటతో మిల్లులును వృద్ధి పొందినవి. వడ్ల బరువులో ఇంచుమించు అయిదవ వంతు ఊక. నూఱు కిలోల వడ్లు ఆడించినచో ఇరువది కిలోల ఊక మిగులును. దానిని కాల్చినచో నాలుగు కిలోల బూడిద మిగులును. ఉప్పుడు బియ్యము చేయు మిల్లులు ఆ ఊకనే బాయిలరులో మండించి ఆవిరి పుట్టించును. ఇంతవఱకు ఏమియు వ్యర్థము కాలేదు. కాని బూడిదను బయట పోసినచో గాలికి లేచి, ఆరవేసిన బట్టలపైనను కండ్లలోను పడును. ఆ బూడిదలో అధిక భాగము సిలికా కాబట్టి సిమెంటులోను ఇటుకలలోను కలుపుటకు పనికివచ్చును. వడ్లు నానబెట్టిన నీటి సంగతి వేఱు. అందు పిండిపదార్థములు కరగియుండును. ఆ నీటిని అట్లే చెరువులో విడిచినచో సూక్ష్మజీవులు వానిని తినుచు నీటిలోని ఆమ్లజనిని హరించును. విషము లేకయే చేపలు ఊపిరాడక చచ్చును. పులియు నీటి వాసనను బట్టి మిల్లు దూరమును చెప్పగలవారు ఇట్టి ప్రాంతములలో ఉందురు!

కోదాడకు దక్షిణమున హుజూర్‌నగర్, మేళ్ళచెరువు ప్రాంతమున సున్నపురాయి విస్తారముగా నుండుటచే సిమెంటు కర్మాగారములు వెలసినవి. శుద్ధమైన సున్నపురాయిని నూఱు కిలోలు కాల్చినచో 56 కిలోల సున్నము నిలిచి, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోవును. ధూళిని సంచుల వడపోతతో పట్టవచ్చును; ఈ వాయువును పట్టుట అంత సులభము కాదు.

వీని యన్నింటికంటె కఠినమైన పాఠము కంటికి కనబడని నీటిలో నున్నది. నల్లగొండ సీమలోని పెక్కు గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. ఇది ఏ కర్మాగారమును విడిచినది కాదు. నేల క్రింది నల్లసేనపు రాళ్ళ నుండి నీటిలో కరగి వచ్చుచున్నది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట ఒకటిన్నర వఱకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. అంతకు మించిన నీటిని చిన్ననాటి నుండి త్రాగువారికి పండ్లు గారపట్టి మచ్చలు పడును. ఏండ్లు గడచిన కొలది కీళ్ళు బిగిసి, ఎముకలు వంగి, నడుము ఎత్తలేని స్థితి వచ్చును. వంగిన యెముకను మందు తిరిగి నిలుపజాలదు. సిద్దిఖీ అను వైద్యుడు 1955లోనే ఈ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి బ్రిటిషు వైద్య పత్రికలో వివరముగా వ్రాసెను.

నీటి నుండి ఫ్లోరైడును తీయుటకు నాగపూరులోని జాతీయ పరిసర ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970వ దశకమున ఒక పద్ధతిని రూపొందించినది. దానికి లోకమున ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. నీటిలో కొలత ప్రకారము సున్నమును పటికను వేసి, క్రిములు చచ్చుటకు బ్లీచింగు పొడి చేర్చి కలియబెట్టవలెను. పటిక తెల్లని తునకలుగా విరిసి ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పైనీరు వడకట్టి త్రాగవచ్చును. ఖర్చు స్వల్పము, బిందెలోనైనను చేయవచ్చును. ఒక ప్రాంతము పేరు దాని బాధ వలన లోకమునకు తెలియుట విచారకరమే గాని, ఆఫ్రికా దేశములలోను ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చినది. దీనిలోను లోపములు లేకపోలేదు. కొలత తప్పినచో పటిక నీటిలోనే మిగులును. అడుగున దిగిన మడ్డిలో ఫ్లోరైడంతయు చేరియుండును. దానిని బావి ప్రక్కనే పారబోసినచో చేసిన పని వ్యర్థము. అందుచేత మేలైన మార్గము ఫ్లోరైడు లేని నీటిని తెచ్చుట. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము క్రింద శుద్ధిచేసిన నదీజలమును గొట్టముల ద్వారా పల్లెలకు పంపుచున్నారు.

ఇట్టి పనులకు పట్టభద్రులే గాక, పదవ తరగతి పిమ్మట వృత్తివిద్య నభ్యసించిన యువకులును యువతులును కావలెను. 1974 నాటి జలచట్టము, 1981 నాటి వాయుచట్టము, 1986 నాటి పరిసర సంరక్షణ చట్టము కాగితము దాటి ఊళ్ళలోనికి వచ్చుట ఇట్టివారి చేతులలో నున్నది. వారు మొదట నేర్చుకొను పని చాల చిన్నది: నీటి మచ్చు పట్టుట. ఫ్లోరైడు పరీక్షకు గాజుసీసా వాడరాదు, ఫ్లోరైడు గాజుతో కలియును గనుక ప్లాస్టిక్ సీసాయే తగును. బోరుబావియైనచో నిలువయున్న నీరు పోవు వఱకు కొంతసేపు పంపు కొట్టి, పిదప ఆ నీటితోనే సీసాను కడిగి నింపవలెను. ఊరు, బావి గుర్తు, లోతు, తేదీ, వేళ అక్కడనే చీటిపై వ్రాసి అంటింపవలెను. సాయంకాలము ఇంటికి వచ్చి వ్రాయుదమని పది సీసాలు సంచిలో వేసికొన్న విద్యార్థి, మఱునాడు ఆ పది బావులకును మరల పోవలసి యుండును.