4.3 సామాన్య శాస్త్రంలో అవగాహనను పరీక్షించే ప్రశ్న

"భౌతిక మార్పు అంటే ఏమిటి?" అని 7వ తరగతిలో అడిగితే, కంఠస్థం చేసిన నిర్వచనమే జవాబుగా వస్తుంది. దానికి బదులు ఈ ప్రశ్నను పరిశీలించండి.

ఆళ్లగడ్డ శిల్పి రాతిని విగ్రహంగా చెక్కాడు. నంద్యాల ప్రాంతపు సున్నపురాయిని బట్టీలో కాల్చారు. వీటిలో రసాయన మార్పు ఏది? ఎందుకు?

"పూర్వస్థితికి రానిదంతా రసాయన మార్పే" అని గుర్తుపెట్టుకున్న విద్యార్థులు రెండింటినీ రాస్తారు. విగ్రహం మళ్లీ బండరాయి కాదు కదా! కానీ చెక్కినప్పుడు ఆకారమే మారింది, పదార్థం మారలేదు. కాల్చినప్పుడు కాల్షియం కార్బనేట్ విడిపోయి కాల్షియం ఆక్సైడ్, కార్బన్ డైఆక్సైడ్ అనే కొత్త పదార్థాలు ఏర్పడ్డాయి.

అందువల్ల జవాబుపత్రం దిద్దేటప్పుడు "ఎందుకు?" కింద రాసిన వాక్యాన్ని తప్పక చదవండి. ఏ భావనను మళ్లీ బోధించాలో అక్కడే తెలుస్తుంది.