నగరపు కుళాయి – మన చెరువు

బావి అడుగంటుట మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు కొత్త కాదు. కాని హైదరాబాదులో గొట్టము కారుటకును మనకును సంబంధము గలదన్నచో కొందరు నవ్వవచ్చును. లెక్క వేసి చూడుడు.

హైదరాబాదునకై 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీపై హిమాయత్‌సాగర్ కట్టిరి. రెండును ఊరి చెంతనే గలవు. ఊరు పెరిగిన కొలది నీటికై దూరము పోవలసి వచ్చినది. 2004 నుండి కృష్ణా నీరు నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయము, కోదండాపురము మీదుగా నగరమునకు పోవుచున్నది. మూడు దశలకు కలిపి ఏడాదికి 16.5 టి.యం.సి.లు ఉద్దేశించిరి. ఒక్క టి.యం.సి. నీరు సుమారు 7,000 ఎకరములపై మీటరు లోతున నిలుచును.

నగరమునకు గల మార్గములను తూచి చూతము.

1. దూరపు నీరు తెచ్చుట: పరిమాణము ఎక్కువ. కాని నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టము 590 అడుగులు. నగరము సుమారు 1,700 అడుగుల ఎత్తున గలదు. ప్రతి బిందెను వేయి అడుగులకు పైగా ఎత్తవలెను. మోటారు ఖర్చు మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

2. వాననీరు పట్టుట: 100 చదరపు మీటర్ల కప్పుపై ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడినచో 70,000 లీటర్లగును. ఐదింట నాలుగు పాళ్ళు పట్టినను 56,000 లీటర్లు. తలకు 135 లీటర్ల చొప్పున ఐదుగురికి 83 దినములు వచ్చును. అంతయు నిలువ చేయు తొట్టి ఖర్చుతో కూడినది. కావున తాగుటకు, వంటకు సరిపడు తొట్టి కట్టి, మిగిలినది ఇంకుడు గుంటలోనికి వదలుట మేలు. భూగర్భజలములో ఫ్లోరైడు గల మన గ్రామములకు ఇది మరింత ముఖ్యము. శుభ్రమైన కప్పుపై పట్టిన వాననీటిలో ఆ బాధ లేదు.

3. కారుట ఆపుట: ఇది ఇదివరకే ఎత్తి, శుద్ధి చేసిన నీరు. గొట్టములు త్రవ్వి బాగుచేయు శ్రమ తప్పదు. అయినను 16.5లో పదవ వంతు మిగిలినచో 1.65 టి.యం.సి.లు. ఆ నీరు మన కాలువకు తిరిగి రాదు, నిజమే. కాని నగరము నదిలో మరికొంత వాటా కోరవలసిన దినము వెనుకకు జరుగును. అందుచేత మొదట మూడవది, తరువాత రెండవది, చివరకు మొదటిది అనుట న్యాయము.

నగరమునకు చెప్పుటకు ముందు మన ఊరు చక్కబెట్టుకొనవలెను. పంచాయతీ వారు ఒక రాత్రి కుళాయిలన్నియు కట్టించి, నీళ్ళ ట్యాంకులో మట్టము గుర్తుపెట్టి, తెల్లవారి చూడవలెను. 20 చదరపు మీటర్ల అడుగు గల ట్యాంకులో 10 సెంటీమీటర్లు తగ్గినచో 2,000 లీటర్లు వృథా అయినట్లే.

పానగల్లు ఉదయసముద్రము కందూరు చోళుల కాలపు చెరువు. నేడు అదియే మాధవరెడ్డి ఎత్తిపోతల పథకమునకు జలాశయముగ పనికివచ్చుచున్నది. కాపాడిన చెరువు ఎన్ని తరములకైనను అక్కరకు వచ్చును. కావున మృగశిర కార్తె రాకముందే మీ చెరువు కట్టుకాలువలు, తూములు బాగుచేసి, పూడికమట్టిని చెలకలకు తోలుకొనుడు.