కృష్ణా డెల్టా నేలల్లో మెటల్ డిటెక్టర్: భూసంతులన విధానం - పరిశీలన

ఉపోద్ఘాతం:
పామర్రుకు ఉత్తరాన గుడివాడ, దక్షిణాన ఘంటసాల ఉన్నాయి. ఈ రెండుచోట్లా గల బౌద్ధస్తూపాల అవశేషాలను అలెగ్జాండర్ రీ 1894లో ప్రచురితమైన తన గ్రంథంలో వివరించాడు. శాతవాహనుల కాలపు సీసపు, పోటిన్ నాణేలు ఆంధ్రదేశ చరిత్ర రచనకు ముఖ్యమైన ఆధారాలు. ఇటువంటి చిన్న లోహవస్తువుల జాడ తెలుసుకోవడానికి మెటల్ డిటెక్టర్ తోడ్పడుతుంది. అయితే లోహంతోపాటు నేల కూడా ఈ పరికరానికి సంకేతాన్ని పంపుతుంది. ఆ రెండింటినీ వేరుచేసే ప్రక్రియే భూసంతులనం. దీనినే గ్రౌండ్ బ్యాలెన్సింగ్ అంటారు. డెల్టా నేలల స్వభావాన్ని బట్టి ఈ ప్రక్రియను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. సంతులన సూత్రం:
పరికరంలోని తీగచుట్ట నిరంతరం మారుతుండే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. దానివల్ల లోహంలో సుడి విద్యుత్ప్రవాహాలు పుట్టి, వాటి ప్రతిస్పందన కొంత ఆలస్యంగా తిరిగివస్తుంది. ఈ ఆలస్యమే దశాభేదం. మాగ్నెటైట్ వంటి ఇనుప ఖనిజాలు దాదాపు ఆలస్యం లేకుండా స్పందిస్తాయి. ఉప్పునీరు విద్యుద్వాహకం కనుక దాని దశ వేరు. నేలకు చెందిన దశను గుర్తించి, దానిని లెక్కలోకి తీసుకోకుండా పరికరాన్ని అమర్చడమే సంతులనం. ఖాళీపాత్ర బరువును ముందుగా మినహాయించి నెయ్యి తూచడం వంటిదిది. సున్నితత్వాన్ని తగ్గించడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. అలా చేస్తే నేల సంకేతంతోపాటు నాణెం సంకేతం కూడా బలహీనపడుతుంది.

2. నేలల వారీగా భేదాలు:
అ) నల్లరేగడి: కృష్ణానది దక్కను బసాల్ట్ శిలాప్రాంతం గుండా ప్రవహించి వస్తుంది. అందువల్ల డెల్టా ఒండ్రులో ఇనుప ఖనిజాల పాలు ఉంటుంది. వరిపొలంలో నీరున్నప్పటి అమరిక, వేసవిలో నేల నెర్రెలిచ్చినప్పుడు సరిపోదు.
ఆ) ఎర్రనేలలు: నూజివీడు, తిరువూరు మెట్టప్రాంతాల నేలల్లో ఐరన్ ఆక్సైడ్లు ప్రధానం. ఇక్కడ నేల సంకేతంలో అయస్కాంత గుణానిదే పైచేయి.
ఇ) ఉప్పునేలలు: మచిలీపట్నం, దివిసీమ తీరాల్లో లవణం వల్ల నేలకే విద్యుద్వాహకత ఎక్కువ. ఇసుకలో నల్లని భారఖనిజాలు కూడా కలిసినచోట రెండు విరుద్ధ దశలు ఎదురవుతాయి. ఒకే పౌనఃపున్యంతో పనిచేసే పరికరం ఒకదానిని సరిచేస్తే రెండవది మిగిలిపోతుంది. అక్కడ బహుళ పౌనఃపున్య పరికరాలు మేలు.

3. ఆచరణ విధానం:
ముందుగా లోహపు ముక్కలు లేని చోటును ఎంచుకోవాలి. తీగచుట్టను సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి నేలకు 5 సెంటీమీటర్ల దగ్గరికి పలుమార్లు దించి ఎత్తాలి. దించినప్పుడు ధ్వని పెరిగినా, తగ్గినా సంతులనం కుదరలేదని అర్థం. ధ్వని మారకుండా నిలిచేవరకు అమరికను కొద్దికొద్దిగా సవరించాలి. గట్టు దాటి పొలంలోకి దిగినా, తడినేల నుంచి పొడినేలకు వెళ్ళినా ఈ పని మళ్ళీ చేయాలి. రాగితో పోలిస్తే సీసానికి విద్యుద్వాహకత తక్కువ. పైగా తుప్పుపట్టిన చిన్న సీసపు నాణెం సంకేతం మరీ బలహీనం. సంతులనంలో చిన్న లోపమున్నా అది నేల ధ్వనిలో కలిసిపోతుంది.

4. ప్రయోజనం - పరిమితి:
సంతులనం కుదరని పరికరం రెండు విధాల నష్టం కలిగిస్తుంది. ఉన్న నాణేన్ని దాటవేస్తుంది, లేనిచోట తవ్విస్తుంది. రెండవదే పెద్ద నష్టం. నాణెం ఏ మట్టిపొరలో, ఏ పెంకుల సరసన ఉన్నదో తెలిస్తేనే అది చారిత్రకాధారం అవుతుంది. చెదిరిన పొరను తిరిగి పేర్చడం అసాధ్యం. రక్షిత పురావస్తు స్థలాల్లో అనుమతి లేని తవ్వకాలను 1958 నాటి చట్టం నిషేధిస్తుంది. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం నిర్దేశిస్తుంది.

ముగింపు:
భూసంతులనం ఒక్కసారి చేసి వదిలేసే అమరిక కాదు. నేల మారిన ప్రతిచోటా చేయవలసిన పరీక్ష. ఖనిజం, లవణం, తేమ అనే మూడింటినీ గమనించి, ప్రతి స్థలంలోని అమరికను క్షేత్రపుస్తకంలో నమోదు చేస్తేనే ఒక పరిశీలనను మరొకదానితో పోల్చడం సాధ్యమవుతుంది. పరికరం వినిపించే ధ్వని ఒక సూచన మాత్రమే. దానికి చారిత్రకార్థాన్ని ఇచ్చేది క్రమబద్ధమైన తవ్వకమే.