పేపరే పంతులు!

ఇంగ్లీషు వ్యాకరణం కంఠతా వచ్చిన పట్టభద్రుడు కూడా ఇంగ్లీషు పత్రికలో శీర్షిక చదివి ఒక్కొక్కప్పుడు తెల్లబోతాడు. ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు ఆ లోటు బయటపడి, చేతికందే ఉద్యోగం కాస్తా జారిపోతుంది. దీనికి మందు ఇంటికి వచ్చే పేపరులోనే ఉంది.

మా పిల్లలచేత నేను చేయించే పద్ధతి చెబుతాను. ముందు ఒక వార్తను తెలుగు పత్రికలో చదవమంటాను. తరువాత అదే వార్తను ఇంగ్లీషులో. సంగతి ముందే తెలుసు గనుక కొత్త మాటకు అర్థం దానంతటదే స్ఫురిస్తుంది. 'ప్రోబ్' అంటే విచారణ. 'రో' అంటే వరుస. అవే అక్షరాలు తగాదా అనే అర్థంలో వస్తే 'రౌ' అని పలకాలి.

శీర్షికల వ్యాకరణమే వేరు. జరిగిపోయినదాన్ని వర్తమానంలో చెబుతారు. 'ప్రైసెస్ సోర్' అంటే ధరలు మండిపోయాయన్నమాట. జరగబోయేదానికి 'టు' తగిలిస్తారు. 'మినిస్టర్ టు విజిట్ డెల్టా' అని ఉంటే మంత్రిగారు ఇంకా రాలేదు సుమా!

ఇక జాతీయాలు. వీటిని మక్కికి మక్కి తెనిగించరాదు. మనవాళ్ళు ఆ సందర్భంలో ఏమంటారో ఆలోచించాలి. వరద సహాయం ఏ మూలకూ చాలకపోతే వాళ్ళు 'ఎ డ్రాప్ ఇన్ ది ఓషన్' అంటారు. మనం 'సముద్రంలో కాకిరెట్ట' అంటాం. 'టర్న్‌డ్ ఎ డెఫ్ ఇయర్' అంటే పెడచెవిని పెట్టారని. 'రెడ్ టేప్' మాత్రం కథ తెలిస్తేగాని బోధపడదు. ఇంగ్లండులో సర్కారు కాగితాల కట్టలకు ఎర్రనాడా చుట్టేవారు. ఆ నాడా విప్పి పని జరిగేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది!

వార్తలోంచి మాట పుట్టడమూ కద్దు. 1880లో ఐర్లండులో ఒక జమీందారుకు చార్లెస్ బాయ్‌కాట్ అనే ఏజెంటు ఉండేవాడు. కౌలు తగ్గించమన్న రైతులను భూములనుంచి వెళ్ళగొట్టబోయాడు. ఊరివాళ్ళు ఆయన పొలంలో కూలికి రాలేదు, అంగళ్ళలో సరుకులు ఇవ్వలేదు. పత్రికలు ఆ సంగతి చాటాయి. అంతటితో ఆయన పేరే బహిష్కరణకు మారుపేరైంది. తరువాత మన స్వదేశీ ఉద్యమంలోనూ ఆ మాట మారుమోగింది.

1959లో 'వాయిస్ ఆఫ్ అమెరికా' రేడియో సుమారు 1500 మాటలతో, నెమ్మదిగా చదివే వార్తలు ప్రారంభించింది. ప్రపంచ వార్తలు చెప్పడానికి ఆ కాసిని మాటలే చాలాయి! రోజుకు 5 మాటలు నోటుబుక్కులో, అవి వచ్చిన వాక్యంతో సహా వ్రాసుకుంటే 300 రోజుల్లో 1500 అవుతాయి. రేపటి పేపరుతో మొదలుపెట్టి చూడండి.