పిల్లవానికి మొదటి పెద్ద విల్లు

ఎదిగెడు పిల్లవానికి చొక్కా కుట్టించునపుడు రెండంగుళములు వదులుగా ఉంచుమని దర్జీతో చెప్పుట మన ఇండ్లలో వాడుక. ఏడాది తిరుగునప్పటికి చొక్కా సరిపోవును, పైకమును కలిసివచ్చును. ఈ లెక్క చొక్కాకు చెల్లును గాని వింటికి చెల్లదు. అమెరికాలో 14, 15 ఏండ్ల కుమారునికి మొదటిసారి పెద్దల వేటవిల్లు కొనిపెట్టు తండ్రులు తరచుగా పొరపడునది ఇచ్చటనే. "ఎట్లును బలము వచ్చును గదా" యని 70 పౌండ్ల విల్లు తెత్తురు. పిల్లవాడు దానిని నాలుగు దినములు పెనగులాడి మూల నిలబెట్టును.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అమెరికాలో అది అనుమతిపత్రముతో, నిర్ణీత ఋతువులో, ప్రభుత్వ నిబంధనలకు లోబడి సాగును. విస్కాన్సిన్ రాష్ట్రము 1934లోనే జింకల వేటకు వింటివారికి ప్రత్యేకముగా కొన్ని దినములు కేటాయించినది. అక్కడ స్థిరపడిన మన కుటుంబములలో ఏ బాలుడైనను తోటివారిని చూచి విల్లు కావలెనని అడిగినచో, తండ్రి ముందుగా తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

బాణము తుపాకిగుండు వలె దెబ్బతో కూల్చునది కాదు, కోసి చంపునది. దాని ములికి జింక ఊపిరితిత్తులగుండ దూసిపోయినపుడే ఆ జంతువు త్వరగా ప్రాణము విడుచును. అందుచేతనే నారిని లాగుటకు కనీసమింత బలము పట్టు విల్లే వాడవలెనని రాష్ట్రములు నియమించినవి: విస్కాన్సిన్‌లో 30 పౌండ్లు, కొలరాడోలో 35. మీ రాష్ట్రపు నియమమును ఆ సంవత్సరపు వేట నిబంధనల పుస్తకములో చూచుకొనవలెను. బలహీనమైన విల్లు జింకను గాయపరచి విడుచును. మితిమీరిన విల్లును అంతపనే చేయును; ఏలయన వణకుచున్న చేతితో విడిచిన బాణము ఎక్కడ తగులునో చెప్పలేము. గాయపడిన జింక ఏ పొదలోనో బాధపడి చచ్చును. పిల్లవాని భుజము చెడుట దీనికి తోడు.

తగిన బలము తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. పిల్లవానిని కుర్చీలో కూర్చుండబెట్టి, పాదములు నేలనుండి పైకెత్తించి, వింటిని గురికి ఎదురుగా పట్టించి, నారిని మెల్లగా లాగుమనవలెను. వింటిని ఆకాశమువైపు ఎత్తి, వెన్ను విరిచి లాగినచో ఆ విల్లు వానికి ఎక్కువ. ఈ వయసులో పెక్కుమందికి 40 పౌండ్ల లోపలనే హాయిగా నుండును. ములికి పదునుగా నుండి, దూరము 20 గజములు మించనిచో జింకకు అది చాలును.

ఇక ఏ రకపు విల్లు? మిస్సోరీ వాసియైన హోలెస్ విల్బర్ ఆలెన్ అనునతడు కొనలకు గిలకలు అమర్చిన వింటికి 1969లో పేటెంటు పొందెను. అదియే కాంపౌండ్ విల్లు. నారి పూర్తిగా వెనుకకు వచ్చునప్పటికి గిలకలు భారమును చాలవరకు తమపై వేసికొనును. 40 పౌండ్ల వింటిలో నూటికి 75 వంతులు తగ్గినచో చేతిపై నిలుచునది 10 పౌండ్లే. మన విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకములు గెలిచినది ఈ జాతి వింటితోనే. ఎదిగెడు పిల్లలకై మరలు త్రిప్పి బలమును, లాగుడు పొడవును మార్చుకొనదగిన కాంపౌండ్ విండ్లు దొరకును. కొన్నింటిలో 5 పౌండ్లనుండి 70 వరకు మార్పు సాధ్యము. చొక్కా లెక్క నిజముగా చెల్లునది వీనియందే. చేతులు చాచినపుడు కొననుండి కొనకు గల కొలతను రెండున్నరతో భాగించిన లాగుడు పొడవు సుమారుగా తెలియును: 65 అంగుళములైనచో 26.

గిలకలు లేని రికర్వ్ విల్లు చవుక. పిడినుండి బద్దలు ఊడదీయదగిన రకమును కొన్నచో, పిల్లవాడు బలపడిన పిదప బద్దలు మాత్రమే మార్చవచ్చును. కాని ఇందొక మోసమున్నది. దానిపై ముద్రించిన బలము 28 అంగుళములు లాగినప్పటిది. అంగుళము తగ్గినకొలది రెండు మూడు పౌండ్లు తగ్గును. 25 అంగుళములే లాగగల బాలుని చేతిలో 40 పౌండ్ల విల్లు 33 పౌండ్లదో, అంతకు తక్కువదో యగును. కొలరాడోలో అది చాలదు. దుకాణములో త్రాసు తగిలించి, వాడు లాగినంతమేర కొలిపించవలెను. పైగా గిలకల సాయము లేనందున గురి కుదురుటకు చాల కాలము పట్టును. ఒక్క ఋతువులోనే వేటకు పోవలెనను బాలునికి నేను దీనిని చెప్పను.

చేతిలో 500 డాలర్లున్నచో వింటికి 300 మించి వెచ్చింపరాదని నా అభిప్రాయము. బాణములు, ములుకులు, గురిచూపు సాధనము, నారిని విడుచు కొక్కెము, అభ్యాసపు దిమ్మ – ఇవన్నియు వేరుగా కొనవలసినవే. బాణముల బిరుసు వింటి బలమునకు తగియుండవలెను గనుక అందు పిసినారితనము కూడదు. వాడిన విల్లు కొనుట తప్పుకాదు. దూదిపింజతో బద్దలను ఆసాంతము తుడిచి చూడవలెను. దూది పోగు చిక్కుకొన్నచోట పగులున్నదన్నమాట. అట్టిది ఎంత చవుకైనను వలదు. నారి పీచులేచినచో దానిని మార్చుటకగు ఖర్చును బేరములో తగ్గించుకొనవలెను. బాణము తొడగకుండ నారిని లాగి విడుచుట వింటికి ప్రాణాంతకము. మిత్రులకు చూపునపుడు పిల్లలు తప్పక చేయబోవు పని యది!

కొనుటకు ముందు పిల్లవాని ప్రధాననేత్రము ఏదో చూడవలెను. రెండు అరచేతుల నడుమ చిన్న సందు చేసి దూరపు వస్తువును చూపి, ఒక్కొక్క కన్ను మూయించినచో, ఏ కన్ను తెరచియుండగా వస్తువు సందులోనే నిలుచునో అదియే ప్రధానము. అది కుడికన్నైనచో కుడిచేత లాగు విల్లు, ఎడమకన్నైనచో ఎడమచేత లాగునది.

పెక్కు రాష్ట్రములలో వింటివేట సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఆరంభమగును. కావున విల్లు వసంతములోనే ఇల్లు చేరవలెను. 20 గజముల దూరమున వేసిన బాణములన్నియు అన్నము తిను పళ్ళెమంత చోట పడునంతవరకు వేట ములుకులు తొడగనీయరాదు. ఋతువు వచ్చునప్పటికి అట్లు పడకున్నచో ఆ ఏడు తండ్రివెంట ఊరకనే వెళ్ళి చూచిరావచ్చును. విల్లు మరుసటి సంవత్సరమునకు మరల బిగించుకొనదగినదే గదా.