టెస్ట్ చేసిన మాత్రని ఎవరూ వేసుకోలేరు: ఫార్మాలో కెమికల్ ఇంజనీర్ పని

మన మణికొండలో బీటెక్ అంటే కోడింగే. కెమికల్ చదివినవాళ్లకి బొల్లారం, పాశమైలారం వైపు ఇంకో దారి ఉంది: ఫార్మా వాలిడేషన్.

ఇదెందుకు? కోడ్‌ని వెయ్యిసార్లు టెస్ట్ చేసినా కోడ్‌కి ఏమీ కాదు. మాత్రలో మందెంతుందో చూడాలంటే మాత్రం సాధారణంగా దాన్ని కరిగించాల్సి వస్తుంది. అంటే మీ అమ్మగారు వేసుకునే బీపీ మాత్రని ఎవరూ అలా టెస్ట్ చేయలేదు. బ్యాచ్‌లో కొన్నే టెస్ట్ చేస్తారు. మిగతావాటికి పూచీ తయారీ పద్ధతిదే.

ఆ పూచీని నిరూపించడమే వాలిడేషన్. మెషీన్ సరిగ్గా బిగించారా, చెప్పినట్టు నడుస్తోందా, అసలు ఉత్పత్తిలోనూ అలాగే పనిచేస్తోందా? ఇవే ఐక్యూ, ఓక్యూ, పీక్యూ. అమెరికా ఎఫ్‌డీఏ 2011 గైడెన్స్ ప్రకారం ఆ తర్వాత కూడా ప్రతి బ్యాచ్ డేటా చూస్తూనే ఉండాలి. ఎక్కడ తేడా వస్తోందో అందులోనే తెలుస్తుంది, ప్రాసెస్ మెరుగుపరచడం అక్కడే మొదలవుతుంది.

కెమికల్ ఇంజనీరే ఎందుకు? ఫ్లాస్కులో ఇట్టే చల్లబడే రియాక్షన్ పెద్ద రియాక్టర్‌లో చల్లబడదు. ఘనపరిమాణం పెరిగినంతగా ఉపరితలం పెరగదు కదా! 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి గారు కూడా కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి, ఇక్కడి ఐడీపీఎల్‌లో పనిచేసినవారే.

ఒక్క మాట. ఈ పనిలో చాలా భాగం రాతకోతలే. బోర్ కొట్టి ఒక్క రీడింగ్ ఊహించి రాశారనుకోండి, ఆ మాత్ర వేసుకునేవాళ్లకి అది తెలిసే దారే లేదు. అది గుర్తుంటే ఈ ఉద్యోగం మీదే. మళ్లీ కలుద్దాం!